అంగన్‌వాడీ శిక్షణ కథ: సాక్చి నుంచి చూస్తే

పోయిన చలికాలంలో ఒక మాక్ ఇంటర్వ్యూకి వెళ్లాను. నా డాఫ్‌లో సొంతూరు జమ్‌షెడ్‌పూర్, చదువు మెకానికల్ ఇంజినీరింగ్. స్టీలు గురించి అడుగుతారని ఉక్కు విధానం మొత్తం బట్టీ పట్టాను. బోర్డులో ఉన్న పెద్దావిడ ఒకరు స్టీలు జోలికే పోలేదు. "ఐసీడీఎస్ ఇచ్చే ఆరు సేవలు చెప్పు" అన్నారు. పూరక పోషణ, టీకాలు, ఆరోగ్య తనిఖీ, రిఫరల్, పోషణ-ఆరోగ్య విద్య, బడి ముందు చదువు అని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. ఆవిడ తలాడించి, "వీటిలో ఎన్ని ఆ అంగన్‌వాడీ కార్యకర్త చేతిలో ఉన్నాయి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మీలో చాలామందికీ ఆ ఆరూ నోటికి వచ్చే ఉంటాయి. రెండో ప్రశ్నకి జవాబు మూడు. టీకాలు, ఆరోగ్య తనిఖీ, రిఫరల్ ఆరోగ్య శాఖ చేయాల్సినవి. కార్యకర్త పని పిల్లల్ని పోగుచేయడం, గుర్తించడం, పంపడం. సూది ఆమె చేతిలో ఉండదు, మందుచీటీ రాసే అధికారం ఉండదు, ఆసుపత్రిలో మంచం ఉందో లేదో ఆమెకు తెలియదు. అంటే పసిపిల్లల జబ్బు ముందే ఆపే బాధ్యతలో సగం, ఆ జబ్బుకు మందివ్వలేని మనిషి మీద పెట్టాం. అలాంటి మనిషికి ఏం నేర్పాలన్నదే ఈ వ్యాసం. జీఎస్-1 సమాజం, జీఎస్-2 సంక్షేమ పథకాలు, వ్యాసం పేపరు, మూడింటికీ పనికొస్తుంది. కాకపోతే నోట్స్ లాగా కాకుండా చరిత్ర లాగా రాస్తున్నాను, మా వీధి నుంచి మొదలుపెట్టి.

మా ఇల్లు సాక్చిలో, గోల్‌చక్కర్ నుంచి నడిచే దూరం. మా తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి కంపెనీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అలా వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉందని చెబితే హైదరాబాద్ మిత్రులు ఇప్పటికీ నమ్మరు.

సాక్చి ఒకప్పుడు ఊరు కూడా కాదు, పల్లె. 1907 చివర్లో పెరిన్, వెల్డ్, శ్రీనివాసరావు కలిసి రెండు నదులు కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఈ స్థలాన్ని ఉక్కు కర్మాగారం కోసం ఎంచుకున్నారు. 1911 డిసెంబర్‌లో తొలి ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జమ్‌షెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. ఇవి ప్రిలిమ్స్ ముక్కలు, దాటేద్దాం.

మనకు కావలసింది ఆ వరసలో వచ్చే మరో జాబితా: 1912లో ఎనిమిది గంటల పని, 1915లో ఉచిత వైద్యం, 1917లో కార్మికుల పిల్లలకు బడి, 1928లో ప్రసూతి సాయం. దేశం మొత్తానికి ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది 1961లో, కాబట్టి కంపెనీ ఎంత ముందుందో చూడండి. కార్మిక సంక్షేమం ఎలా నడపాలో చెప్పమని లండన్ నుంచి సిడ్నీ, బియాట్రిస్ వెబ్ దంపతుల సలహా కూడా తీసుకున్నారు. ఇదంతా మెచ్చుకోదగ్గదే. కాని ఈ సంక్షేమానికి ఒక సరిహద్దు ఉంది: కంపెనీ హాజరుపట్టీ. పేరు అందులో ఉంటే ఆసుపత్రి ఉంది, క్వార్టర్ ఉంది, బడి ఉంది. ఇటుకలు మోసే రేజా, ఠేకేదారు కింద కూలి, వాళ్ల పిల్లలు ఆ గీతకి బయట. ఈ రోజుకీ ఇక్కడ ఎన్నికలొస్తే '86 బస్తీలు' అన్న మాట వినిపిస్తుంది, యాజమాన్య హక్కు కోసం. ఆ గీత పసిపిల్లల ఆరోగ్యంలోనూ ఉంది. వైద్యం ఉద్యోగంతో పాటు వచ్చే హక్కు అయినప్పుడు, ఉద్యోగం లేనివాళ్ల పిల్లల్ని ఎవరు చూడాలన్న ప్రశ్న మిగిలిపోతుంది. ఫ్యాక్టరీల చట్టం, 1948 లోని 48వ సెక్షన్ శిశు సంరక్షణ గదులు పెట్టమంది. అదీ 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోటే. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. ఏ చట్టమైనా గేటు లోపలే ఆగింది.

గేటు బయట జబ్బు ఆగదని ఈ ఊరికి తెలిసొచ్చింది 1974లో.

ఆ ఏడాది మన దేశంలో మశూచి కేసులు లక్షా 88 వేలు. అందులో అత్యధికం బీహార్‌వి, అప్పుడు మనం బీహారే. టాటానగర్ స్టేషన్ దాన్ని నలుదిక్కులకీ మోసింది. పని కోసం ఇక్కడికి వచ్చినవాళ్లు, ఒళ్లు కాలగానే సొంతూరికి రైలెక్కేవారు. ఇతర రాష్ట్రాల్లో కొత్తగా బయటపడిన కేసుల్ని తవ్వుకుంటూ పోతే దారి ఈ స్టేషన్‌కి వచ్చేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేస్తున్న లారీ బ్రిలియంట్ ఇది పట్టుకుని కంపెనీ పెద్దల తలుపు తట్టాడు. టాటా కంపెనీలు డాక్టర్లను, జీపులను, మనుషులను ఇచ్చాయి. ఈసారి హాజరుపట్టీ చూడలేదు. చుట్టుపక్కల ఛోటానాగ్‌పూర్ పల్లెల్లో కూడా గాలింపు జరిగింది.

ఆ గాలింపు ఎలా చేశారన్నది మన విషయానికి చాలా ముఖ్యం, అందుకే కాస్త ఆగుతున్నాను. 1973 శరత్కాలంలో మొదలైన ఇంటింటి వెతుకులాటకి కొత్త ఉద్యోగుల్ని పెద్దగా తీసుకోలేదు. మలేరియా, కుటుంబ నియంత్రణ సిబ్బందిని నెలలో ఒక వారం అరువు తెచ్చుకున్నారు. వాళ్లకి వైరాలజీ నేర్పలేదు. చేతికొక కార్డు ఇచ్చారు. దాని మీద మశూచి పోసిన ఒక బిడ్డ ఫొటో. ఇంటి ముందు నిలబడి కార్డు చూపించి, ఇలాంటి పొక్కులు ఎవరికైనా చూశారా అని అడగాలి. పెద్దవాళ్లు దాచిపెడతారు కాబట్టి బళ్లోనూ సంతలోనూ పిల్లల్ని కూడా అడగాలి. చూశామంటే వెంటనే కబురు పంపాలి. కబురు అందగానే టీకా బృందం వచ్చి ఆ ఇంటినీ చుట్టుపక్కల ఇళ్లనూ చుట్టేస్తుంది. కేసు చెప్పినవారికి బహుమతి, 1975 నాటికి అది వెయ్యి రూపాయలైంది. దేశంలో పుట్టిన చివరి కేసు 1975 మే 17న కటిహార్ జిల్లాలో.

ఇందులో శిక్షణ ఎంత? ఒక బొమ్మ, ఒక ప్రశ్న. మిగతా బలమంతా ఎక్కడుందంటే, ఆ మనిషి 'చూశాను' అంటే అవతలి నుంచి ఎవరో ఒకరు తప్పకుండా వచ్చేవారు. కార్యకర్త మాటకి వెనక బరువుంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

అదే ఏడాది, అంటే మశూచి కనుమరుగైన అయిదు నెలలకి, 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైంది. తొలి విడత 33 ప్రాజెక్టులు. మన తెలుగు నేల మీద ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు, అనంతపురం జిల్లా కంబదూరు వాటిలో ఉన్నాయి. అంతకు ముందు ఏడాది ఆగస్టు 22న జాతీయ బాలల విధానం వచ్చింది, దాని కొనసాగింపే ఇది.

అయితే అంగన్‌వాడీ 1975లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ భావన తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్ర తీరంలోని బోర్డీ, కోస్‌బాడ్‌లలో చేసిన పనిలో పుట్టింది. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. ప్రభుత్వ పరంగా చూస్తే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, తొలి అధ్యక్షురాలు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. సంక్షేమ విస్తరణ ప్రాజెక్టుల ద్వారా ఆ బోర్డు పల్లెల్లో బాల్వాడీలు తెరిపించింది. వాటికి మనుషులు కావాలి కదా, భారత బాలల సంక్షేమ మండలి అరవైల మొదట్లో బాలసేవికల శిక్షణ మొదలుపెట్టింది. ఆ కోర్సు దాదాపు ఏడాది. 1972లో మీనా స్వామినాథన్ అధ్యయన బృందం నివేదిక కూడా బడి ముందు వయసు పిల్లలకి చదువు, తిండి, ఆరోగ్యం మూడూ కలిపే ఇవ్వాలంది. దుర్గాబాయి పేరు మనం రాజ్యాంగ సభ దగ్గరా ప్రణాళికా సంఘం దగ్గరా చదివి వదిలేస్తాం. సంక్షేమం మీద రాసే జవాబులో ఆమెని తేవడానికి ఇది మంచి చోటు.

ఇక్కడొక జారుడు చూడండి. బాలసేవికకి దాదాపు ఏడాది. అంగన్‌వాడీ కార్యకర్తకి మొదటి రోజుల్లో నెలల లెక్క. తర్వాతి కాలంలో ఉద్యోగ శిక్షణ 26 పనిదినాలు, ఆపైన అప్పుడప్పుడూ కొద్ది రోజుల పునశ్చరణ. పని మాత్రం ఏటా పెరిగింది. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం, 1995లో పల్స్ పోలియో, 2005 తర్వాత నెలనెలా పోషణ దినం, 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాల ముందు పిల్లల్ని నిలబెట్టడం, 2015లో నులిపురుగుల దినం, 2021లో పోషణ్ ట్రాకర్. కేంద్రాలు దేశంలో సుమారు 14 లక్షలయ్యాయి. అంతమందికి నేర్పాలంటే మెట్లు మెట్లుగా నేర్పాలి: ఢిల్లీ నుంచి రాష్ట్రం, రాష్ట్రం నుంచి జిల్లా, జిల్లా నుంచి బ్లాకు, బ్లాకు నుంచి సెక్టార్ మీటింగు. ఒక్కో మెట్టు దిగేసరికి బొమ్మ పోతుంది, అభ్యాసం పోతుంది, చివరికి మిగిలేది ఫారం నింపే పద్ధతి. ఈ లోపం ఢిల్లీకి తెలియదని కాదు. 1999లో వచ్చిన ఉదిశా శిక్షణ ప్రాజెక్టు, 2018 మార్చి 8న ప్రారంభమైన పోషణ్ అభియాన్‌లో 21 మాడ్యూళ్ల విడతలవారీ అభ్యాసం దీన్ని సరిదిద్దడానికే వచ్చాయి. రెండోది నాకు నచ్చిన ఆలోచన. నెలకి ఒక్క చిన్న విషయం నేర్పడం, ఆ నెలంతా అదే చేయించడం.

దూరం కూడా ఒక సమస్యే. శిక్షకులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ నిప్సిడ్ 1966 నుంచి ఉంది. మా రాష్ట్రం నుంచి వెళ్లాలంటే లక్నోకో గువాహటికో పోవాల్సి వచ్చేది. రాంచీలో ప్రాంతీయ కేంద్రం 2025 జూలైలో తెరిచారు. సంస్థ పేరు కూడా సావిత్రీబాయి ఫూలే పేరుకి మార్చారు. కరెంట్ అఫైర్స్‌లో పేరు మార్పు మాత్రమే రాసుకున్నవాళ్లు కేంద్రం సంగతి కూడా రాసుకోండి.

ఇప్పుడు అంకెలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం జార్ఖండ్‌లో 12-23 నెలల పిల్లల్లో పూర్తి టీకాలు పడినవారు నాలుగో సర్వేలో (2015-16) 61.9 శాతం, అయిదో సర్వేలో (2019-21) 73.9 శాతం. పన్నెండు పాయింట్లు పెరిగింది. అదే సర్వేల్లో, అదే రాష్ట్రంలో, అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత 69.9 నుంచి 67.5కి. కదిలిందనడం కూడా ఎక్కువే. వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 45.3 నుంచి 39.6కి తగ్గారు, అయినా పదిమందిలో నలుగురు.

ఈ రెండు గీతల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. ఒక రోజు, ఒక చోట, ఒక సూదితో అయ్యే పని మనకి చేతనవుతోంది. రోజూ ఇంట్లో జరగాల్సింది, అంటే ఆరు నెలలకి అన్నం మొదలుపెట్టడం, విరేచనాలప్పుడు తిండి ఆపకపోవడం, ఐరన్ చుక్కలు నెలల తరబడి వేయడం, ఇవి మాటల వల్ల జరగాలి. రక్తహీనతకి కారణాలు ఇంకా ఉన్నాయి, మలేరియా, నులిపురుగులు, తల్లి రక్తహీనత, పేదరికం. అన్నీ శిక్షణ మీద తోసేయను. కాని మాట్లాడటం అనే నైపుణ్యం 26 రోజుల్లో ఎంత నేర్పుతున్నామో అడగాల్సిందే.

మాక్ ఇంటర్వ్యూ తర్వాత సిగ్గేసి భుయ్యాఁడీహ్ వైపు ఒక కేంద్రానికి వెళ్లి కూర్చున్నాను, వారంలో మూడు పూటలు. ఇక్కడ కార్యకర్తని సేవిక అంటారు, ఆయాని సహాయిక. సేవికా దీదీ నన్ను మొదట ఎవరో తనిఖీకి వచ్చారనుకుని నాలుగు రిజిస్టర్లు ముందు పెట్టింది. పరీక్షకి చదువుతున్నానని చెబితే నవ్వి, "అయితే ఈ పిల్లాణ్ని పట్టుకో భయ్యా" అని ఒకణ్ని ఒళ్లో వేసింది.

ఆమె పెరుగుదల చార్టు గీయడం చూశాను. ఇంజినీరింగ్ చదివినవాణ్ని కదా, గ్రాఫ్ చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ చార్టుకి మూలం డేవిడ్ మోర్లీ నైజీరియా పల్లెలో తయారు చేసిన 'ఆరోగ్య మార్గం' చార్టు. దాని అసలు కిటుకు బిందువు ఎక్కడుందన్నది కాదు, వాలు ఎటుందన్నది. బిడ్డ ఇంకా పచ్చ గీతల్లోనే ఉన్నా రెండు నెలలుగా గీత చదునుగా పోతుంటే అదే హెచ్చరిక. జబ్బు ముందే ఆపడమంటే అది. దీదీకి ఈ సంగతి బాగా తెలుసు. కాని ఫోన్‌లోని యాప్ నెల బరువు అడుగుతుంది, రంగు చూపిస్తుంది. పై అధికారి మీటింగులో అడిగేది ఎర్ర రంగు పిల్లలెందరని. "చదునుగా ఉన్నవాళ్ల గురించి నన్నెవరూ అడగరు" అంది.

మూడో పూట ఒక పాపకి దండ చుట్టుకొలత టేపు చుట్టింది. 11.5 సెంటీమీటర్ల కింద, ఎరుపు. పాఠ్యపుస్తకం ప్రకారం తర్వాతి మెట్టు రిఫరల్: మా రాష్ట్రంలో కుపోషణ ఉపచార కేంద్రాలున్నాయి, తల్లీబిడ్డా అక్కడ రెండు వారాలు ఉండాలి. దీదీ చీటీ రాసింది. తల్లి చీటీ తీసుకుని, మడిచి, కొంగున కట్టుకుంది. వెళ్లదని ముగ్గురికీ తెలుసు. ఆమె రోజుకూలీ. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు. మొగుడు ఊళ్లో లేడు. కేంద్రంలో ఉంటే ఆ రోజులకి ఇచ్చే డబ్బు ఉంది, కాని ఆ ఇద్దరికీ వండిపెట్టేదెవరు?

రిఫరల్ అనే సేవ కాగితం మీద ఇక్కడ పూర్తయింది. దీదీకి శిక్షణ లేక ఇది ఆగలేదు. టేపు సరిగానే చుట్టింది, చీటీ సరిగానే రాసింది. ఆ తర్వాతి మాట ఎలా మాట్లాడాలో, ఎవరితో కలిసి దారి వెతకాలో ఏ మాడ్యూలూ ఆమెకి అభ్యాసం చేయించలేదు.

ఆ అభ్యాసం సాధ్యమేనని చూపించిన పని మాకు పక్కనే జరిగింది. చక్రధర్‌పూర్ కేంద్రంగా పనిచేసే ఏక్‌జుట్ సంస్థ 2005 నుంచి 2008 దాకా పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా-ఖర్సావాఁ, ఒడిశాలోని కెందుఝర్ జిల్లాల్లో ఒక ప్రయోగం చేసింది. 36 క్లస్టర్లు, రెండు లక్షల 28 వేల జనాభా. సగం చోట్ల ఆడవాళ్ల బృందాలు నెలకోసారి కూర్చునేవి. నడిపించేది డాక్టరు కాదు, నర్సు కాదు, ఆ ఊరి ఆడమనిషే. బొమ్మల కార్డులు, కథలు, ఆటలు. ముందు మన ఊళ్లో పసిబిడ్డలు దేనివల్ల పోతున్నారో తేల్చుకోవడం, తర్వాత దానికి మనమేం చేయగలమో ఎంచుకోవడం, చేయడం, వెనక్కి తిరిగి చూసుకోవడం. 2010లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది: మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువ, చివరి రెండేళ్లు విడిగా చూస్తే 45 శాతం.

ఇది ఎన్జీవో కాబట్టి సరే, సర్కారీ మనుషులతో అవుతుందా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. 2009-2012 మధ్య జార్ఖండ్, ఒడిశాల్లోని అయిదు జిల్లాల్లో ఆశాలే ఈ సమావేశాలు నడిపారు, ఇక్కడ వాళ్లని సహియా అంటారు. మరణాలు 31 శాతం తగ్గాయి. తర్వాత ఆ పద్ధతిని రాష్ట్రం సహియాల ద్వారా విస్తరించింది.

అయితే దీన్ని మంత్రదండంలా జవాబులో రాయకండి. అదే బృందం పిల్లల ఎత్తు పెరుగుతుందేమోనని పశ్చిమ సింగ్‌భూమ్, కెందుఝర్‌లలో ఇంకో పెద్ద ప్రయోగం చేసింది. సమావేశాలతో పాటు ఇంటింటికీ వెళ్లి సలహా చెప్పారు. 2017లో ఫలితం ప్రచురించారు. శిశు మరణాలు తగ్గాయి, ఎత్తు మాత్రం పెరగలేదు. మాట ప్రాణం కాపాడింది, తిండి లేని లోటు పూడ్చలేకపోయింది. పరీక్షకి రాసేటప్పుడు మనం విజయగాథలనే ఏరుకుంటాం. నా అనుభవంలో ఇలాంటి సగం ఫలితమే జవాబుకి ఎక్కువ బరువిస్తుంది.

అమెరికా హెడ్‌స్టార్ట్‌తో పోల్చమని కొందరు సార్లు చెబుతారు. 1965లో పేద పిల్లల కోసం మొదలైన కార్యక్రమం అది. పోల్చదగ్గ అంశం ఒకటే. బిడ్డ చేరిన 45 రోజుల్లో చూపు, వినికిడి లాంటి పరీక్షలు, 90 రోజుల్లో ఆరోగ్య స్థితి తేల్చడం అక్కడ కేంద్రం బాధ్యత. తేడా కనబడితే తర్వాతి వైద్యం అందేదాకా వెంటపడటం కూడా కేంద్రం పనే. సిబ్బందికి ఇచ్చే శిక్షణ ఆ వెంటపడటం చుట్టూ ఉంటుంది. మన దగ్గర గడువు రిజిస్టరుకి ఉంది, బిడ్డకి లేదు.

ఇంకో మాట. ఇంత చేయించుకుంటున్న మనిషిని మన వ్యవస్థ ఉద్యోగి అనదు, గౌరవ కార్యకర్త అంటుంది. 2018 అక్టోబర్ నుంచి కేంద్రం వాటాతో ఇచ్చే గౌరవ వేతనం నెలకి 4,500, రాష్ట్రాలు కలిపేది వేరు. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ మగన్‌భాయ్ భరియా కేసులో సుప్రీంకోర్టు వీళ్లకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. శిక్షణ గురించి రాస్తూ ఈ తీర్పు ప్రస్తావించని జవాబులే నాకు ఎక్కువ కనిపిస్తాయి. నేర్చుకున్న మనిషి ఆ పనిలో నిలబడాలంటే ఇది కూడా శిక్షణ బడ్జెట్టులో భాగమే అని నా లెక్క.

కాబట్టి 'అంగన్‌వాడీ సిబ్బందికి తగిన శిక్షణ లేదు' అని ఒక బుల్లెట్ పాయింటు రాసి ముందుకు పోయే అలవాటు ఉంటే మానేయండి. 1974 కార్డు పట్టుకున్న మనిషికి మన దీదీ కన్నా తక్కువ శిక్షణ ఉంది. కబురు పంపితే జీపు వచ్చేది. ఏ అంశంలో శిక్షణ, ఆ శిక్షణని వాడినప్పుడు అవతల ఎవరు పలుకుతారు, ఈ రెండూ రాస్తేనే ఆ పాయింటు నిలుస్తుంది.

ఆ పాప సంగతి చెప్పాలి. నాలుగు రోజుల తర్వాత వెళ్తే దీదీ కేంద్రం వరండాలో ఆ గల్లీ ఆడవాళ్లు ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి ఉంది. మీటింగు అని ఎవరూ చెప్పలేదు, రిజిస్టరులో దానికి గడి కూడా లేదు. సహియా కూడా వచ్చింది. పెద్ద పిల్లలిద్దరికీ పొద్దున్న ఎవరు పెడతారు, రాత్రి ఎవరింట్లో పడుకుంటారు అని మాట్లాడుకుంటున్నారు. మూలనున్న ఒక ముసలమ్మ రాత్రి సంగతి తను చూసుకుంటానంది. పొద్దుటి అన్నం మాత్రం ఇంకా తేలలేదు. తల్లి కొంగు ముడి విప్పి చీటీ తీసి, మీద ఏ తారీఖు వేసుందో చదివి చెప్పమని నా చేతికిచ్చింది.